కంపెనీ ప్రాసెస్ మోడళ్లను దాచి, వెతికితే దొరికేలా ఉంచడం ఎలా?

కొనుగోలు ఎలా జరగాలి, బిల్లు ఎవరు పాస్ చేయాలి, సరుకు వెనక్కొస్తే ఏం చేయాలి... ఇలాంటివి పెట్టెలు, బాణాలతో గీసుకున్న మోడళ్లు కాస్త పెద్ద కంపెనీ దేనిలోనైనా కుప్పలుగా ఉంటాయి. కొన్ని ఐఎస్ఓ ఆడిట్ కోసం గీసినవి. కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు కన్సల్టెంట్లు ఇచ్చిపోయినవి. ఇంకొన్ని వాట్సాప్ గ్రూపులో వైట్‌బోర్డు ఫొటోలుగా మిగిలిపోయినవి. గీయడానికి పడ్డ శ్రమలో పదో వంతు కూడా వాటిని భద్రపరచడానికి ఎవరూ పడరు.

దాని ఫలితం రూల్ మారిన రోజున తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ సెక్షన్‌కు (హెచ్) క్లాజు తోడైంది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నదానికి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. మరి మన మోడళ్లలో ఏవేవి మారాలి? ఈ ప్రశ్నకు అరగంటలో జవాబు రాకపోతే, ఎన్ని ఫైళ్లున్నా అది నిల్వ మాత్రమే. కింది పద్ధతి మొత్తం ఆ ఒక్క ప్రశ్నను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

1. ముందు ఏరివేయండి

దొరికినవన్నీ ఒక ఫోల్డర్‌లో పోయండి. తర్వాత మూడు కుప్పలు: నేడు ఆచరిస్తున్నవి, సగంలో ఉన్నవి, పాతవి. ఆచరణలో ఉన్నదో లేదో ఫైలు తేదీ చూసి తేల్చకండి. ఆ పని చేసే మనిషిని అడగండి. ‘ఇలా ఎప్పుడూ చేయలేదండీ’ అనే జవాబు మీరు అనుకున్నదానికంటే ఎక్కువసార్లే వస్తుంది. మొదటి కుప్పను మాత్రమే ముందుకు తీసుకెళ్లండి. మొహమాటపడి అన్నీ ఉంచుకుంటే వెతుకులాట మళ్లీ మొదటికే వస్తుంది.

2. బొమ్మలుగా కాక, బీపీఎంఎన్‌గా దాచండి

పీడీఎఫ్, పవర్‌పాయింట్ కంప్యూటర్‌కు బొమ్మలే. ఏ పెట్టె పని, ఏది నిర్ణయం, ఏ బాణం ఎక్కడికి పోతుందో దానికి తెలియదు. పని క్రమాన్ని గీయడానికి అందరూ ఒప్పుకున్న గుర్తుల పద్ధతి అయిన బీపీఎంఎన్ 2.0 అలా కాదు. సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు రూపొందించే ఓఎంజీ సంస్థ 2011లో విడుదల చేసిన ఈ ప్రమాణం 2013లో ఐఎస్ఓ 19510 అయింది. దీని ఫైలు లోపల ఉండేది ఎక్స్ఎంఎల్, అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే అక్షరాలు. అందుకే వెతకడం కుదురుతుంది, టూల్ మార్చినా ఫైలు పనికొస్తుంది. గీయడానికి ఉచితంగా దొరికే కముండా మోడలర్ చాలు. బీపీఎంఎన్ ఆకారాలను గీసిపెట్టి, ఆ ప్రమాణంలో సేవ్ చేయని డ్రాయింగ్ టూల్స్‌తో జాగ్రత్త. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

3. పేర్ల దగ్గర మొండిగా ఉండండి

నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. ఒకే పనిని ఒకరు ‘బిల్లు వెరిఫికేషన్’ అని, మరొకరు ‘ఇన్‌వాయిస్ చెక్’ అని, ఇంకొకరు ‘అకౌంట్స్’ అని ఊరికే రాస్తే ఏ సెర్చ్ టూలూ కాపాడలేదు. పెట్టెలో దేన్ని, ఏం చేయాలో రెండూ ఉండాలి: ‘ఇన్‌వాయిస్‌ను పీఓతో సరిచూడాలి’ (పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్). వాడదగిన పదాల పట్టీ ఒకటి తయారుచేయండి. తెలుగో, ఇంగ్లిషో, కలగలుపో, మీ ఆఫీసులో నోటి మాటగా ఉన్నదే పెట్టండి. కాకపోతే ఒక వస్తువుకు ఒకే పేరు.

తెలుగులో రాసేవాళ్లకు రెండు చిట్కాలు. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత పత్రాల నుంచి కాపీ చేస్తే సెర్చ్‌కు అవి అర్థంలేని గుర్తులే. యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి. రెండోది, పెట్టె లోపల అందం కోసం ఎంటర్ కొట్టి వరుస విరవకండి. ఫైలులో ఆ చోట ఒక కోడ్ చేరి, ‘ఇన్‌వాయిస్‌ను పీఓతో’ అని వెతికితే దొరకదు. కళ్లకు కనబడుతూనే ఉంటుంది, సెర్చ్‌కు మాత్రం చిక్కదు.

ఫైలుకు పేరుతోపాటు మారని నంబరు ఇవ్వండి: కొను-03, చెల్లింపు-07 ఇలా. ఫోల్డర్లను డిపార్ట్‌మెంట్ల వారీగా పెట్టకండి. డిపార్ట్‌మెంట్లు మూడేళ్లకోసారి కలుస్తాయి, విడిపోతాయి, పని మాత్రం సాగుతూనే ఉంటుంది. ఎలా విడగొట్టాలో తోచకపోతే కంపెనీల్లో జరిగే పనులకు ఏపీక్యూసీ అనే సంస్థ ఇచ్చిన వర్గీకరణ చూడండి. అందులో పైమెట్టున 13 వర్గాలుంటాయి. మీకు సరిపడేవే తీసుకోండి.

4. ఒక రిజిస్టర్ పెట్టండి

ఎక్సెల్ షీటు చాలు. మోడల్‌కు ఒక వరుస. నంబరు, పేరు, బాధ్యుడి హోదా (మనిషి పేరు కాదు, మనుషులు మారతారు), స్థితి, అమలు తేదీ, వాడే సాఫ్ట్‌వేర్, మళ్లీ చూడాల్సిన తేదీ, సంబంధిత నిబంధనలు. ఈ చివరి గడినే అందరూ ఖాళీగా వదిలేస్తారు, అసలు విలువ దానిదే. అందులో సెక్షన్ నంబరు ఒక్కటే రాయకండి. ఆదాయపు పన్ను చట్టం 2025 రావడంతో 2026 ఏప్రిల్ 1 నుంచి పాత సెక్షన్ నంబర్లు దాదాపు అన్నీ మారాయి. ‘ఎంఎస్ఎంఈ-గడువు’ లాంటి సొంత గుర్తు పెట్టుకుంటే నంబరు మారినా ఇబ్బంది లేదు.

5. వెర్షన్లు

‘ఫైనల్_కొత్తది_2’ అనే ఫైళ్ల సంగతి మీకు తెలిసిందే. ఐటీ వాళ్లు చేతికందే దూరంలో ఉంటే గిట్ వాడండి, ఫైళ్లలో ప్రతి మార్పునూ నమోదు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. బీపీఎంఎన్ ఫైలు అక్షరాలే కనుక ఏ వరుస మారిందో అది చూపిస్తుంది. అయితే ఫైలులో రెండు భాగాలుంటాయి: పని క్రమం, బొమ్మలో పెట్టెల స్థానాలు. ఎవరో పెట్టెను కాస్త పక్కకు జరిపినా అది మార్పుగానే కనిపిస్తుంది. కాబట్టి అసలేం మారిందో, ఎందుకు మారిందో ప్రతిసారీ ఒక వాక్యం రాయాలి.

గిట్ వద్దనుకుంటే గూగుల్ డ్రైవ్‌తోనూ నడుస్తుంది. ఒక్క మెలిక ఉంది. గూగుల్‌ది కాని ఫైళ్ల (మన బీపీఎంఎన్ ఫైళ్లూ అలాంటివే) పాత వెర్షన్లను 30 రోజుల తర్వాత, లేదా 100 వెర్షన్లు దాటాక అది తీసేస్తుంది. అమల్లోకి వచ్చిన ప్రతి వెర్షన్‌కూ ‘ఎప్పటికీ ఉంచు’ ఆప్షన్ పెట్టాల్సిందే.

6. వెతకడం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రిజిస్టర్‌లో ‘ఎంఎస్ఎంఈ-గడువు’ అని ఫిల్టర్ కొట్టండి. తర్వాత వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్‌లో ఫోల్డర్ మొత్తాన్నీ తెరిచి ‘ఇన్‌వాయిస్’, ‘వెండర్’, ‘సరుకు అంగీకారం’ అని వెతకండి. మారాల్సింది పేమెంట్ మోడల్ ఒక్కటే అనుకుంటాం. కానీ సరఫరాదారు ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థగా నమోదైన నంబరు) అడగాల్సింది వెండర్ రిజిస్ట్రేషన్‌లో. గడువు రాతలో ఉండాల్సింది పర్చేజ్ ఆర్డర్‌లో. రోజుల లెక్క సరుకు అంగీకరించిన రోజు నుంచి మొదలవుతుంది కనుక గోడౌన్ మోడల్‌లో ఆ తేదీ నమోదు కావాలి. మార్చి నెలాఖరు ముగింపులో బాకీల జాబితా ఒకటి చేరాలి.

మూడో రకం వెతుకులాట కూడా ఉంది. ఒక మోడల్ మరోదాన్ని పిలిచే చోట ‘కాల్ యాక్టివిటీ’ వాడి ఉంటే, పిలవబడే మోడల్ ఐడీతో వెతికితే దాని మీద ఆధారపడ్డవన్నీ బయటపడతాయి. ఆకారంలో పోలిక ఉన్న మోడళ్లను పట్టే టూల్స్ కూడా ఉన్నాయి. ఇప్పుడు ప్రాసెస్ మైనింగ్‌కు (సాఫ్ట్‌వేర్ రికార్డుల నుంచి పని నిజంగా ఎలా సాగుతోందో రాబట్టడానికి) పేరుపడ్డ అప్రొమోర్ టూల్, మొదట్లో మోడళ్ల భాండాగారంగా పరిశోధకులు కట్టిందే. మోడళ్లు వేలల్లోకి వెళ్లేదాకా మీకు ఆ అవసరం రాదు.

7. నకళ్లు, తప్పులు

విజయవాడ బ్రాంచి మోడల్‌ను కాపీ చేసి వరంగల్ బ్రాంచి ఒక్క పెట్టె మార్చుకుంటుంది. ఏడాది తిరిగేసరికి రెండూ వేరువేరు దారులు పడతాయి. తేడా మేనేజర్ పాస్ చేయగల మొత్తంలోనే అయితే మోడల్ ఒకటే ఉంచి, మొత్తాలను పక్కన పట్టికలో పెట్టండి. ఉమ్మడి భాగం పెద్దదైతే దాన్ని విడిగా తీసి రెండుచోట్ల నుంచీ పిలిపించండి. పనే నిజంగా వేరైతే రెండు మోడళ్లు ఉండనివ్వండి, బలవంతపు పెళ్లిళ్లు వద్దు.

సేకరణలోకి చేర్చే ముందు ప్రతి ఫైలునూ బీపీఎంఎన్‌లింట్ వంటి ఉచిత టూల్‌తో ఓసారి సరిచూడండి. రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకుని, తర్వాత రెండూ వచ్చేదాకా ఆగమనే మోడల్ ఎప్పటికీ ముందుకు కదలదు. ఇలాంటివాటిని కంటితోనూ చూసుకోండి, అన్నీ టూల్‌కు దొరకవు. ఇవి కొత్తవాళ్లు మాత్రమే చేసే పొరపాట్లనుకోకండి. వ్యాపార సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ నమూనాగా ఇచ్చిన ‘రిఫరెన్స్ మోడల్‌’లోని 604 మోడళ్లను పరిశోధకులు పరీక్షిస్తే కనీసం 34 తప్పుగా తేలాయి.

8. రద్దయినవాటిని చెరపకండి

కొత్త వెర్షన్ అమల్లోకి వచ్చిన రోజే పాతదానికి రిజిస్టర్‌లో ముగింపు తేదీ వేసి ఆర్కైవ్ ఫోల్డర్‌లోకి పంపండి. ఆడిటర్ అడిగేది నేటి పద్ధతి ఒక్కటే కాదు, ఆ బిల్లు పాసైన నాటి పద్ధతి కూడా. గోడకు అంటించిన ప్రింట్లనూ అదే రోజు మార్చాలి. సర్వర్‌లో ఎంత శుభ్రంగా ఉంచినా, గోడౌన్‌లో కుర్రాడు చూసి పని చేసేది ఆ కాగితాన్నే.