వెనక డిఫరెన్షియల్ కూస్తోందా?

డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండి ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా. అరకు ఘాట్‌లో బండి వెనక నుంచి వచ్చే కూత యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ మారుతుంటే క్రౌన్ (లోపలి పెద్ద గేరు), పీనియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మీద అనుమానం. మలుపుల్లోనే టకటకమంటే స్పైడర్ గేర్లు, అంటే మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే చిన్న గేర్లు. ఆగకుండా గరగరమంటే బేరింగులు. చక్రం బేరింగు కూడా ఇలాగే మోసం చేస్తుంది, ముందు జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూడండి.

ఆయిల్ దించేముందు, నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. మన సముద్రపు గాలికి అది తుప్పుపట్టి బిగుసుకుంటుంది. ఖాళీ చేశాక రాకపోతే బండి అక్కడే. ఆయిల్ దించే బోల్టుకున్న అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద మామూలే, గేరు పంటి ముక్కలు దొరికితే విప్పాల్సిందే.

గాజువాక ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ డిఫరెన్షియల్ కొంటే పళ్లు లెక్కపెట్టండి: క్రౌన్‌కి 41, పీనియన్‌కి 10 అయితే రేషియో 4.1. మీ బండిలో ఉన్నదానికీ అదే ఉండాలి. మొత్తం కాకుండా గేర్లు విడిగా మారిస్తే క్రౌన్, పీనియన్ జతగానే మార్చాలి.