సిగరెట్ కంపెనీ మీద కేసు వేయాలంటే ఫైలు ఆసుపత్రిలోనే మొదలవ్వాలి

మా నాన్న హార్బర్‌లో కళాసీ. ముప్పై ఏళ్లు రోజుకో పెట్టె కాల్చారు. గొంతు క్యాన్సర్‌తో ఆయన పోయాక కేసు వేద్దామని కాగితాలు ముందేసుకుంటే, డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరుంది, మందుల పేర్లున్నాయి, సిగరెట్ మాటే లేదు. అవీ ఇవీ వెతికేలోపు గడువు దాటిపోయింది. మీకలా జరగకూడదు.

మన వైజాగ్‌లో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కానివ్వండి, కేజీహెచ్ పెద్దాసుపత్రి కానివ్వండి, డాక్టర్ అడిగితే పరువుకి పోయి "అప్పుడప్పుడూ తాగేవారండీ" అనొద్దు. ఏ ఏడాది మొదలుపెట్టారు, రోజుకెన్ని, ఏ బ్రాండు, అన్నీ చెప్పి కేస్ షీట్‌లో రాయించండి. కెనడాలోని క్యూబెక్‌లో 1998లో వేసిన కేసుకి 2015లో తీర్పొచ్చింది, అక్కడ క్యాన్సర్ బాధితులకి పరిహారం రావాలంటే కనీసం 87,600 సిగరెట్లు, అంటే రోజుకి 20 చొప్పున 12 ఏళ్లు కాల్చి ఉండాలని లెక్క పెట్టారు. కేసు నిలబడేది ఇలాంటి లెక్కల మీదే. కేస్ షీట్ నకలు కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లోనే ఉంది, అడగడానికి మొహమాటపడకండి. బయాప్సీ రిపోర్టు కూడా తీసుకోండి.

తర్వాత బ్రాండు. లూజు సిగరెట్లకి బిల్లు ఎవరిస్తారు? రోజూ కొన్న బడ్డీ కొట్టు ఆయన చేత, పక్కన పనిచేసిన వాళ్ల చేత అఫిడవిట్ రాయించండి. ఖాళీ పెట్టెలు పారేయొద్దు, ముఖ్యంగా 'లైట్', 'మైల్డ్' అని ఉన్న పాతవి. అవి తక్కువ హానికరమన్నట్టు అమ్మి జనాన్ని మోసం చేశారని 2006లో అమెరికా ఫెడరల్ కోర్టే తేల్చింది. మా నాన్న చొక్కా జేబులో దొరికిన పెట్టెలో ఇంకా నాలుగు సిగరెట్లున్నాయి, దాన్ని అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను.

మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే అమ్మమ్మల సంగతి వేరు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటే అంగిట్లో పుండు పడుతుంది, కానీ ఆ చుట్టకి లేబులూ ఉండదు, కంపెనీ ఉండదు. అక్కడ కేసు జోలికి పోకుండా వైద్యం మీద దృష్టి పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆరో అధ్యాయం ప్రకారం వస్తువు వల్ల జబ్బు చేసినా, ప్రాణం పోయినా తయారీదారుని పరిహారం అడగొచ్చు. మనిషి పోతే వారసులు వేయొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు వైజాగ్‌లో ఉంటే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు, బయాప్సీ రిపోర్టు తేదీ నుంచే లెక్కేసుకోండి.

అసలు అడ్డంకి అదే చట్టంలోని సెక్షన్ 87. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని కంపెనీని తప్పుపట్టలేం. పెట్టె మీద హెచ్చరిక ఉండాలన్న చట్టం 1975లోనే వచ్చింది కాబట్టి కంపెనీ లాయర్లు మొదట పట్టుకునేది దీన్నే. అందుకే హెచ్చరిక ఒక్కదాని మీదే కేసు కట్టకుండా, 'లైట్' లాంటి మాటలతో ఎలా నమ్మించారో కూడా రాయమని లాయర్‌ని అడగండి.

లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకీ ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు, ఫోన్ 15100. ఇంట్లో ఇంకెవరైనా కాలుస్తుంటే మానిపించడానికి 1800-11-2356 ఉంది, మా తమ్ముడి చేత ఆ నంబరుకి నేనే ఫోన్ చేయించాను.