పదిహేనేళ్లవాళ్ల చేత తెలుగు పుస్తకం పట్టించడం ఎలా?

మా అక్క కొడుకు పదో తరగతి పాసైనప్పుడు ఐదొందల పేజీల నవల ఒకటి కొనిచ్చాను. ఆరు నెలల తర్వాత చూస్తే పదకొండో పేజీలో బస్సు టికెట్ గుర్తుగా ఉంది. తప్పు వాడిది కాదు. ఆ వయసులో నాకు నచ్చింది కాబట్టి వాడికీ నచ్చుతుందనుకున్నాను.

ముందు అడగండి. "ఏం చదువుతావ్?" అంటే "ఏమో" అంటారు. ఈమధ్య ఏ సిరీస్ కోసం రాత్రంతా మేలుకున్నారో అడగండి. నవ్వు కావాలా, భయం కావాలా, ఫ్రెండ్స్ గొడవలు కావాలా అన్నది తేలిపోతుంది.

తర్వాత వాళ్లు తెలుగు ఎంత వేగంగా చదవగలరో చూసుకోండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలే ఒత్తుల దగ్గర ఆగిపోతుంటారు. పేజీకి ఐదు నిమిషాలు పడితే ఎంత గొప్ప నవలైనా నీరసమే. అలాంటివాళ్లకు చిన్న కథలివ్వండి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' వంద ఉన్నాయి. ఒక్కోటి కొద్ది పేజీలే, పైగా బాపు బొమ్మలు.

యాసలో రాసినవి ఇస్తే మాత్రం ఓ చిక్కుంది. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు మాట, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు మాట. కంటికి కొత్తగా ఉంటాయి, చెవికి ఉండవు. అందుకని మొదటి పేజీ మీరే పైకి చదవండి.

మా వాడి దగ్గర ఇదే పనిచేసింది. 1924లో వచ్చిన 'బారిష్టర్ పార్వతీశం' తీసి, టోపీ ఘట్టం చదివాను. లండన్ బయల్దేరిన పెద్దమనిషి కొన్నది ఆడవాళ్ల టోపీ అని తెలిసేసరికి వాడు ఫోన్ బోర్లా పెట్టి "తర్వాత?" అన్నాడు. పుస్తకం అక్కడే వదిలేసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను. (పొయ్యి మీద పాలే లేవు.) అన్నట్టు అది మూడు భాగాలు. మొదటిది ఒక్కటే ఇవ్వండి.

మీరు చదవని పుస్తకం చెప్పకండి. ఒకేసారి రెండుకు మించి చెప్పకండి. ముప్పై పేజీలకు ఆపేస్తే ఎందుకని నిలదీయొద్దు, పూర్తిచేస్తే ఏం నేర్చుకున్నావనీ అడగొద్దు.

ఒకటి నచ్చిందంటే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో తీసుకెళ్లి, చేతిలో ఐదొందలు పెట్టి లోపలికి పంపండి. మీరు బయట టీ తాగుతూ ఉండండి.