ఫెరారీ 456: కిటికీ ఈల నుంచి నీలం పొగ దాకా

456 అన్న పేరు ఇంజిన్ లెక్కలోంచే వచ్చింది. 5,474 సీసీని 12 సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి వచ్చేది అంతే. 1992లో పినిన్‌ఫరినా డిజైన్‌తో వచ్చిన ఈ నాలుగు సీట్ల బండి, నా దృష్టిలో ఫెరారీలన్నిటిలోకీ అందమైనది. 1998లో మార్పులు చేసి 456ఎం అన్నారు. ఎం అంటే మోడిఫికాటా, ఇటాలియన్‌లో ‘మార్చినది’ అని. రిపేరుకు దిగేముందు మీది ఏదో తేల్చుకోండి: బానెట్ మీద రెండు గాలి రంధ్రాలుంటే పాతది, నున్నగా ఉంటే ఎం.

హైవే ఎక్కగానే కిటికీ దగ్గర ఈల

ఈ కారు డోర్లకు అద్దం చుట్టూ ఫ్రేమ్ ఉండదు. వేగం పెరిగేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి అద్దాన్ని బయటికి లాగుతుంది, రబ్బరుకీ అద్దానికీ మధ్య సందు పడుతుంది. లోపల అద్దాన్ని ఎత్తే యంత్రాంగంలో ప్లాస్టిక్ భాగాలు అరిగితే ఆ సందు ఇంకా పెద్దదవుతుంది. ఎం కార్లకూ ఈ బాధ తప్పలేదు.

చాలామంది ముందే కొత్త రబ్బరు కొనేస్తారు. తొందరపడకండి. అద్దానికీ రబ్బరుకీ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, డోర్ మూసి, మెల్లగా లాగండి. ముందు నుంచి వెనక దాకా నాలుగైదు చోట్ల ఇలాగే చూడండి. ఎక్కడ కాగితం ఊరికే జారి వచ్చేస్తే అక్కడే లోపం. ఆ తర్వాత డోర్ ప్యానెల్ విప్పి, ఎండి నల్లబడ్డ గ్రీజు తుడిచి, అరిగిన బుష్‌లు మార్చి, అద్దం పైఅంచు లోపలివైపు కాస్త వాలేలా సర్దాలి. అప్పటికీ ఈల ఆగకపోతేనే రబ్బరు మార్చండి.

వెనక బంపర్ కింది స్పాయిలర్ కదలట్లేదు

స్పాయిలర్ అంటే గాలిని దారి మళ్లించే రెక్క. పాత 456లో ఇది మోటారుతో కదిలే భాగం. రోడ్డు మురికంతా అక్కడికే చేరుతుంది కాబట్టి ముందు శుభ్రం చేసి, తర్వాత మోటారు, వైరింగ్ చూడండి. ఎంలో దాన్ని కదలకుండా బిగించేశారు. మంచి పని చేశారు.

నీలం పొగ

ఎప్పుడు వస్తోందో గమనించండి. యాక్సిలరేటర్ వదిలి కొంతదూరం వెళ్లి, మళ్లీ తొక్కగానే గుప్పుమంటే వాల్వ్ గైడ్‌లను, అంటే వాల్వులు కదిలే చిన్న గొట్టాలను, అనుమానించాలి. తొలి కార్లలో ఇవి త్వరగా అరుగుతాయని పేరు. తొక్కి ఉంచినంతసేపూ పొగ వస్తుంటే పిస్టన్ రింగులు కావచ్చు. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ లీకవుతోందో చూసే పరీక్ష) చేయించకుండా ఇంజిన్ హెడ్ విప్పనివ్వకండి. గైడ్‌లే అని తేలితే, గట్టి లోహంతో చేసినవి వేయించడమే మందు. ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు.

పొద్దున్నే సెకండ్ గేర్ పడట్లేదు

గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, అందులో ఆయిల్ వేడెక్కడానికి టైమ్ పడుతుంది. బలవంతం చేయకుండా మొదటి కొన్ని కిలోమీటర్లు ఫస్ట్ నుంచి థర్డ్‌కి వేయండి. బాగా వేడెక్కాక కూడా గరగరలాడితే సింక్రోలు (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగులు) చూపించాలి.

బటన్లు వేళ్లకు అంటుకుంటున్నాయి

పైపూత కరగడమే కారణం. విడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ రంగు వేయించాలి. గట్టిగా రుద్దితే అక్షరాలూ పోతాయి.

ఏ లక్షణమూ లేదు

అసలు టెన్షన్ ఇదే. ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి నడిపే రబ్బరు పట్టీలు, అంటే టైమింగ్ బెల్టులు, చెప్పి తెగవు. తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. బండి షెడ్డులోనే ఉన్నా రబ్బరు వయసు ఆగదు. అందుకే కొనేటప్పుడు ఓడోమీటర్ కన్నా ముందు, బెల్టులు మార్చిన బిల్లు మీద తేదీ చూడండి. బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్క.