వైద్య నిర్లక్ష్యం మీద కాలేజీ ప్రాజెక్టు ఎలా చేయాలి? నల్గొండ, పాలమూరు విద్యార్థులకు

"వైద్యుల నిర్లక్ష్యంతో బాలింత మృతి, దవాఖాన ముందు బంధువుల ఆందోళన." మన జిల్లా పేజీల్లో ఈ వార్త చూడనివాళ్లు ఉండరు. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు, ఎంతకో ఒకంతకు మాట్లాడుకుంటారు, మర్నాడు పేపర్లో ఆ ఊసే ఉండదు. ఈ విషయం మీద ప్రాజెక్టు చేద్దామనుకునే మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పిల్లలు మొదట పట్టించుకోవాల్సింది ఇదే. పంచాయితీలో తెగిపోయినవాటికి కాగితం ఉండదు, కోర్టుదాకా వెళ్లినవాటికే ఉంటుంది. మీకు దొరికేవి ఈ రెండో రకమే కాబట్టి "మన జిల్లాలో ఇన్ని తప్పులు జరుగుతున్నాయి" అని తేల్చే ప్రాజెక్టు పెట్టుకోకండి, అది ఎవరివల్లా కాదు. కాగితం ఉన్నచోట ఏం తేలింది, ఎలా తేలింది అన్నది మాత్రం డిగ్రీ విద్యార్థి కూడా బాగా చేయగలడు.

ప్రశ్నను చిన్నది చేయండి

"తెలంగాణలో వైద్య నిర్లక్ష్యం" అనేది టాపిక్ కాదు, అదొక సముద్రం. ఒక రకం చికిత్స, ఒక కాలం, ఒక రకం తీర్పులు చాలు. గర్భసంచి ఆపరేషన్లలో రోగి అనుమతి గురించి వినియోగదారుల కమిషన్లు ఏమన్నాయి? ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను వినియోగదారుల కింద లెక్కగట్టారా? ఇట్లాంటివి పెట్టుకోండి. నిరుడు జరిగిన ఘటన మాత్రం వద్దు, ఎంత సంచలనమైనా సరే. నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత కాళ్లు పడిపోయిన ప్రశాంత్ ధనంక కేసులో సుప్రీంకోర్టు చివరి మాట చెప్పి కోటి రూపాయలు ఇప్పించింది 2009లో. మన దగ్గర కేసులు నడిచే తీరు అది. పాత ఘటన తీసుకుంటేనే పూర్తి ఫైలు దొరుకుతుంది.

ఒకే ఘటన మీద దారులు మూడు ఉంటాయని కూడా ముందే తెలుసుకోండి. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్, శిక్ష పడాలంటే పోలీసు కేసు, డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య కావాలంటే మెడికల్ కౌన్సిల్. ఒక్కోచోట రుజువు కావాల్సింది ఒక్కోటి. క్రిమినల్ కేసులో మామూలు పొరపాటు సరిపోదు, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పెట్టే ఐపీసీ 304ఏ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది కాబట్టి పాత తీర్పుల్లో పాత సెక్షన్, కొత్త ఎఫ్ఐఆర్‌లో కొత్త సెక్షన్ కనిపిస్తాయి, కంగారు పడకండి.

తీర్పులు వెతకడం, చదవడం

మీ టైంలో సగం ఇక్కడే పెట్టండి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ సైట్లో ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. ఇండియన్ కానూన్ అనే సైట్లో వెతకడం ఇంకా తేలిక. వినియోగదారుల కమిషన్ల ఆర్డర్లకు చాలాకాలం కాన్ఫోనెట్ అనే సైటు ఉండేది, ఇప్పుడు ఈ-జాగృతి అనే పోర్టల్ వచ్చింది. "మెడికల్ నెగ్లిజెన్స్" ఒక్కటే కొట్టి ఊరుకోకుండా "డెఫిషియెన్సీ ఇన్ సర్వీస్" అని కూడా ఇంగ్లిష్‌లో వెతకండి, ఎందుకంటే కమిషన్ల భాషలో చాలావరకు ఇది సేవాలోపమే. జిల్లా పేరు, ఆపరేషన్ పేరు జోడిస్తే జాబితా చేతికందేంత అవుతుంది.

మొదటగా చదవాల్సింది ఏదంటే నేనైతే 2010 నాటి వి. కిషన్ రావు కేసు అంటాను. మన హైదరాబాద్‌దే. ఆయన మలేరియా విభాగంలో అధికారి. చలిజ్వరంతో ఉన్న భార్యను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పిస్తే మలేరియాకు కాకుండా టైఫాయిడ్‌కు మందులిచ్చారు, పరిస్థితి విషమించాక వేరే పెద్దాస్పత్రికి మార్చినా ఆమె బతకలేదు. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా వినియోగదారుల కమిషన్) రెండు లక్షల పరిహారం ఇవ్వమంది. స్టేట్ కమిషన్ నిపుణుడైన డాక్టర్ సాక్ష్యం లేదని ఆ ఆర్డర్‌ను కొట్టేసింది, నేషనల్ కమిషన్ కూడా అదే మాట అంది. సుప్రీంకోర్టు మాత్రం ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పి జిల్లా ఫోరం ఆర్డర్‌నే నిలబెట్టింది. చూశారా, మెట్టు మెట్టుకూ కేస్ షీట్లు మారలేదు, ఎవరు ఎంత రుజువు చేయాలన్న లెక్క మారింది. అందుకే ఏ కేసు పట్టుకున్నా చివరి తీర్పు ఒక్కటే చదివి వదిలేయొద్దు. కింది ఆర్డర్లు దొరికితే పక్కపక్కన పెట్టుకుని, డాక్టర్ మీద ఉన్న బాధ్యత ఏంటి, అందులో లోపం ఎక్కడ, ఆ లోపం వల్లే నష్టం జరిగిందని దేన్నిబట్టి అన్నారు అని మూడు గడుల్లో రాసుకోండి. మూడో గడి దగ్గరే ఎక్కువ కేసులు తేలిపోతాయి. రోగి చనిపోయాడు కాబట్టి తప్పు జరిగింది అనేది వాదన కాదు, బాధ. దాన్ని అర్థం చేసుకోవాలి కానీ ఫలితాల అధ్యాయంలో రాయకూడదు.

సర్కారు దవాఖాన అయితే

అందరికీ ఉచితంగా చికిత్స చేసే ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో వి.పి. శాంత కేసులోనే తేలిపోయింది. అంటే మన పేదోళ్లు ఎక్కువగా వెళ్లే చోటు మీ కమిషన్ల జాబితాలో దాదాపు కనిపించదు. ఇది మీ రిపోర్టులో రాసి తీరాల్సిన పరిమితి. అక్కడ కాగితం అంటే విచారణ నివేదికలు, మెమోలు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు మహిళలు చనిపోయారు, ప్రభుత్వం విచారణ వేసింది. అలాంటి ఘటన తీసుకుంటే పేపర్ క్లిప్పింగులతో సరిపెట్టకుండా ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయండి. ఫీజు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. ఈ 30 రోజుల కోసమే ప్రాజెక్టు మొదటి వారంలోనే వేసేయమంటున్నా. ఆస్పత్రి సూపరింటెండెంట్ ఆఫీసుకో జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకో రాసేటప్పుడు "నిర్లక్ష్యం ఎందుకు జరిగింది" అని అడిగితే ఏమీ రాదు, వాళ్లు ఇవ్వాల్సింది రికార్డు, సంజాయిషీ కాదు. ఫలానా తేదీల మధ్య వేసిన విచారణ కమిటీల ఆర్డర్ కాపీలు, తీసుకున్న చర్యల వివరాలు అడగండి. రోగుల పేర్లు అడగొద్దు, ఎట్లాగూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఊళ్లలో ఆర్‌ఎంపీల ఇంజెక్షన్ల సంగతి దీంట్లో కలపకండి. అర్హత లేకుండా వైద్యం చేయడం వేరే ప్రాజెక్టు.

డాక్టర్లే కాక మిగతా వృత్తులను కూడా పోల్చాలనుకుంటే లాయర్లను తీసుకోండి. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, వాళ్ల మీద ఫిర్యాదు బార్ కౌన్సిల్‌కే. చార్టర్డ్ అకౌంటెంట్ల (సీఏల) మీదైతే వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కు. ఒక అధ్యాయానికి ఇది చాలు.

మనుషులతో మాట్లాడాలంటే

బాధిత కుటుంబాలను కలవాలనిపిస్తుంది. గైడ్‌ను, కాలేజీ ఎథిక్స్ కమిటీని అడగకుండా పోవద్దు. కాలేజీలో కమిటీ లేకపోతే తీర్పుల మీదే ప్రాజెక్టు పూర్తి చేయండి, అదేమీ తక్కువ పని కాదు. అనుమతి వస్తే తెలుగులో రాసిన అంగీకార పత్రం చదివి వినిపించి, ఎప్పుడైనా ఆపేయొచ్చని చెప్పి, అప్పుడు కూర్చోండి. కేసు గెలిపిస్తామనో పేపర్లో వేయిస్తామనో పొరపాటున కూడా ఆశ పెట్టొద్దు. పేరు మార్చితే సరిపోతుందనుకుంటారు కానీ మండలం, నెల, ఎన్నో కాన్పు అన్నీ రాశాక ఇగ దాచింది ఏముంది? ఊరంతా గుర్తుపడుతుంది.

కేస్ షీట్ అడిగే హక్కు రోగిది లేదా రోగి తరఫువాళ్లది. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలో ఉంది. మీకు ఆ హక్కు లేదు. తెలిసిన సిస్టర్ ద్వారా ఫోన్లో ఫొటో తెప్పించుకునే పని అసలే వద్దు, ఆమె ఉద్యోగం పోతుంది, మీ ప్రాజెక్టూ పోతుంది.

రాసేటప్పుడు "ఆరోపించారు", "కమిషన్ తేల్చింది", "అప్పీలు పెండింగ్‌లో ఉంది" అనే మూడు మాటలను ఒకదాని చోట ఒకటి వాడకండి, పరువునష్టం కేసుల తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. డ్రాఫ్ట్ అయ్యాక మెడికల్ కాలేజీలో చదివే ఫ్రెండ్‌కు ఒక కాపీ, లా చదివే ఫ్రెండ్‌కు ఒక కాపీ ఇచ్చి విడివిడిగా చదివించండి. వాళ్లిద్దరికీ చాలాచోట్ల పొసగదు. పొసగకపోయినా ఇద్దరూ ఒకేచోట పెన్నుతో గీత పెట్టారంటే మాత్రం ఆ పేరా మళ్లీ రాయండి.