ఆన్‌లైన్ వేలంలో పాత నాణెం కొనేముందు ప్రకటనను చదవవలసిన తీరు

పాత నాణేల ఆన్‌లైన్ వేలం ప్రకటనల్లో పచ్చి అబద్ధం కన్నా, చెప్పకుండా వదిలేసిన మాటే కొనేవారికి ఎక్కువ నష్టం చేస్తుంది. శీర్షికలో "1835 ఈస్ట్ ఇండియా కంపెనీ అరుదైన వెండి రూపాయి" అని ఉంటుంది, వివరణ చిట్టచివర "జ్ఞాపిక", "నమూనా", "వెండి రంగు" వంటి ఏదో ఒక మాట ఒదిగి ఉంటుంది. కొన్నవారు ఫిర్యాదు చేసిననాడు అమ్మకందారు ఆ చివరి మాటనే చూపించి తప్పుకుంటాడు. కనుక ప్రకటనను కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోవాలి: ముందుగా సరుకు వాపసు తీసుకునే షరతులు, తర్వాత వివరణ, ఆపైన ఫొటోలు, అన్నిటికన్నా ఆఖరున శీర్షిక.

లోహం గురించి రాసిన మాటలను అక్షరం అక్షరం చూడాలి. "జర్మన్ సిల్వర్"లో వెండి వీసమెత్తు కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. పేరంటాలలో పంచిపెట్టే కుంకుమ భరిణెలు ఆ లోహంతోనే చేస్తారని మన ఇళ్లలో అందరికీ తెలుసు, నాణెం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో ఆ సంగతి గుర్తుకు రాదు. కొన్ని ప్రకటనలను కేవలం సంవత్సరం చూసే తోసిపుచ్చవచ్చు. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయిలో 1940కి ముందు వెయ్యికి 917 పాళ్లు వెండి ఉండేది, ఆ ఏడాది నుంచి 1945 వరకు అది సగానికి తగ్గింది, 1946, 1947 సంవత్సరాల రూపాయిలను పూర్తిగా నికెల్‌తోనే ముద్రించారు. కాబట్టి "1947 వెండి రూపాయి" అన్న ప్రకటన కనిపిస్తే మరో ప్రశ్న అడగవలసిన పని లేదు.

మన ప్రాంతంలో ఎక్కువమందిని బోల్తా కొట్టించేవి రామదర్బారు, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలతో వచ్చే అణా బిళ్లలు. వాటికి ఒక పక్క దేవతామూర్తి, మరో పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818 వంటి సంవత్సరం ఉంటాయి. కంపెనీ ఆ సంవత్సరాలలో అలాంటి అణాలను ముద్రించలేదు. ఇవి తీర్థాలలోనూ సంతలలోనూ అమ్మే ఆధునిక బిళ్లలు. నిజమైన రామటంకలు వేరు, అవి పూజామందిరంలో ఉంచుకొనే బిళ్లలే తప్ప చెలామణి నాణేలు కావు. ఈ అణాలకు బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఉందని చెప్పేవారి ప్రకటనను చివరిదాకా చదవనే వద్దు. రైస్ పుల్లింగ్ పేరిట జరిగిన మోసాలపై రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పోలీసులు పలుమార్లు కేసులు నమోదు చేశారు.

విచిత్రమేమిటంటే గుడినీ దేవుణ్ణీ కంపెనీ నిజంగానే ముద్రించింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో మద్రాసులో వేసిన అర్ధ పగోడా అనే వెండి నాణెంపై ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి ఉంటారు, తమిళ అక్షరాలతో పాటు తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి. ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 సంవత్సరాలతో ఇంగ్లండులోని సోహో టంకశాలలో వేయించిన రాగి నాణేలపై "రూపాయికి 48" అన్న అర్థంలో ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. అసలు నాణెం ఎలా ఉంటుందో కేటలాగులో ఒకసారి చూసి పెట్టుకున్నవారిని అణా బిళ్ల మోసం చేయలేదు.

అసలుదైనంత మాత్రాన అరుదైనది కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల రాగి నాణేలతో మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన మునిగిపోగా, 1980లలో ఆ సరుకును పెద్ద ఎత్తున వెలికి తీశారు. రెండు వందల ఏళ్లు దాటినా అవి నేటికీ మార్కెట్లో విరివిగా దొరుకుతున్నాయి. వాటిని "దొరకనే దొరకవు" అంటూ పెట్టే ప్రకటనలకూ కొదవ లేదు.

నిజాం నాణేల విషయంలో తప్పు తారీఖు దగ్గర జరుగుతుంది. చార్మినార్ రూపాయిపై అరబిక్ అంకెలలో ఉండే 1343ను క్రీస్తుశకంగా చూపించి "ఏడు వందల ఏళ్ల నాటిది" అని రాస్తారు. అది హిజ్రీ సంవత్సరం. దానిని 0.97తో గుణించి 622 కలిపితే 1924-25 ప్రాంతం వస్తుంది, అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. చార్మినార్ ద్వారంలో ఉస్మాన్ అన్న పేరుకు ఉర్దూలో మొదటి అక్షరమైన "ఐన్" ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే అక్కడ "మీమ్" ఉంటుంది. ప్రకటనలోని పేరుకూ ద్వారంలోని అక్షరానికీ పొంతన లేకపోతే అమ్మేవారికి సరుకు తెలియదని గానీ, తెలిసి దాస్తున్నారని గానీ అనుకోవాలి.

ఫొటోల విషయంలో రాజీ పనికిరాదు. బొమ్మ, బొరుసు, అంచు మూడూ స్పష్టంగా కనిపించాలి, తూకం యంత్రంపై అదే నాణెం ఉన్న ఫొటో కూడా అడగాలి. ఒకసారి నేను చక్కటి చార్మినార్ రూపాయి ఫొటో చూసి పాట గెలిస్తే, అరిగి నునుపెక్కిన వేరే నాణెం వచ్చింది. "ఫొటో నమూనాకు మాత్రమే" అన్న మాట ప్రకటనలోనే ఉందని అప్పుడు గమనించాను. 1939 రూపాయి చాలా అరుదు కనుక 1938 నాణెంపై చివరి అంకెను చెక్కి మార్చే పనివాళ్లున్నారు; ఆ అంకెను, దాని చుట్టూ ఉన్న ఉపరితలాన్ని బాగా దగ్గరగా తీసిన ఫొటో లేకుండా అలాంటి నాణేనికి పాట వేయవద్దు. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థల ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నదైతే, డబ్బాపై ఉన్న సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో నమోదు చేసి, అక్కడ ఫొటో ఉంటే దానితో పోల్చి చూడాలి, ఎందుకంటే డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

పాట మొదలయ్యే ముందే మీ గరిష్ఠ పరిమితిని కాగితం మీద రాసుకోవాలి. అమ్మకందారులు అడుగుతున్న ధరలను వదిలి, అమ్ముడైన ధరలను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. 2012 నాటి వైష్ణోదేవి నాణేనికి లక్షలు అడిగే ప్రకటన ఎన్నేళ్లుగానో అలాగే ఉందంటే, ఆ ధరకు కొనేవారు లేరనే అర్థం. ఒకే అమ్మకందారు సరుకుపై మాత్రమే పాట పాడుతూ ఎన్నడూ గెలవని ఖాతా కనిపిస్తే, అది ధర పెంచడానికి పెట్టిన సొంత మనిషిది అయి ఉండవచ్చు. వేలం సంస్థలు గెలిచిన ధరపైన కమిషన్, జీఎస్టీ వేస్తాయి కనుక పరిమితిని ఆ మేరకు తగ్గించి వేసుకోవాలి.

మీ దగ్గరి నాణేన్ని లక్షలకు కొంటామని వచ్చి, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుమో పన్నో కట్టమనేవారి తీరు మరొకటి. ఇలాంటివారు తన పేరును, చిహ్నాన్ని వాడుకుంటున్నారనీ, పాత నాణేల లావాదేవీలతో తనకు సంబంధం లేదనీ, వాటికి ఎటువంటి రుసుమూ వసూలు చేయననీ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టం చేసింది. డబ్బు కట్టినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారు ఇక్కడి అమ్మకందారు నుంచి కొనేటప్పుడు 1972 నాటి పురావస్తు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. వందేళ్లు నిండిన నాణెం దాని ప్రకారం పురావస్తువు అవుతుంది, ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించకూడదు. "విదేశాలకు పంపబడును" అని నిబ్బరంగా రాసినవారి మాట కస్టమ్స్ దగ్గర అక్కరకు రాదు.

పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వీడియో తీసి, వాపసు గడువు ముగియకముందే నాణేన్ని తూచాలి. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అరిగితే కొద్దిగా తగ్గుతుంది. చార్మినార్ రూపాయి దాదాపు 11.18 గ్రాములు. తర్వాత చిన్న తూకం యంత్రంపై నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి అడుగు, అంచులు తగలకుండా పూర్తిగా ముంచాలి. అప్పుడు కనిపించే అంకెతో నాణెం బరువును భాగించగా 10.3 దరిదాపుల్లో వస్తే 917 వెండి రూపాయికి అది సరిపోతుంది. జర్మన్ సిల్వర్‌కు 9 కూడా రాదు, ఇనుముకు 8 లోపే ఉంటుంది. నాణేన్ని మెరిపించాలని చింతపండుతో తోమవద్దు. తోమిన నాణేన్ని అమ్మకందారు వాపసు తీసుకోడు.