ఫిషర్ ఆపరేషన్ తరువాత దీర్ఘకాలం పాటించవలసిన జాగ్రత్తలు

ఫిషర్‌కు (మలద్వారం దగ్గర ఏర్పడే చీలిక పుండుకు) చేసే లేటరల్ స్ఫింక్టరాటమీ అనే ఆపరేషన్‌లో మలద్వారపు లోపలి కండరాన్ని కొంతమేర కోసి బిగువు తగ్గిస్తారు కనుక, నూటికి 90 మందికి పైగా పుండు మానిపోతుంది. నొప్పి ముందే తగ్గినా, పూర్తిగా మానడానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు. నొప్పి పోయిందని పీచుపదార్థం మానేస్తే మలబద్ధకం తిరగబెట్టి, మళ్లీ చీలిక ఏర్పడవచ్చు. పీచు కోసం వాడే ఇసబ్గోల్ పొట్టును గ్లాసు నీటిలో కలిపి, చిక్కబడకముందే తాగి, పైన మరో గ్లాసు నీరు తాగండి. మరుగుదొడ్డిలో ముక్కుతూ కూర్చోవద్దు.

కొందరికి గ్యాస్ ఆపుకోలేకపోవడం, లోదుస్తులకు మరక అంటడం జరుగుతుంది. చాలామందిలో ఇది క్రమంగా సర్దుకుంటుంది గాని, కాన్పులో కండరం దెబ్బతిన్న స్త్రీలకు ఈ ముప్పు ఎక్కువ, కాబట్టి ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పడం ఎంతో అవసరం. ఏళ్ల తరువాత మొదలైనా సిగ్గుపడి దాచకుండా, ఎప్పుడెప్పుడు జరుగుతోందో రాసుకుని చూపించండి. రక్తం మళ్లీ కనిపిస్తే మొలలేనని సొంతంగా తేల్చుకోకండి.